నాడీ వ్యవస్థను మన ఒంటి మీదే చదువుకోవడం ఎలా?

బెంగళూరులోని మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు తెలుగు పిల్లలకు ఆదివారాలు సైన్సు చెబుతుంటాను. మెదడు బొమ్మ గీసి భాగాల పేర్లు రాయమంటే అందరూ రాస్తారు గానీ, వేడి గిన్నె తగలగానే చేతిని వెనక్కి లాగిందేమిటని అడిగితే అందరూ మెదడే అంటారు. ఆ జవాబు సరికాదని మాటలతో చెప్పడం కన్నా వారి ఒంటి మీదే చూపించడం మేలు. అందుకు 30 సెంటీమీటర్ల స్కేలు, సెకన్ల ముల్లున్న గడియారం, ఎత్తయిన బల్ల చాలు.

1. ముందు మాటను తేల్చుకోండి

మన వాడుకలో అన్నీ నరాలే. రక్తపరీక్షకు సూది గుచ్చేదీ నరమే, పిక్క బిగుసుకుంటే పట్టేసిందనేదీ నరమే. నిజానికి మొదటిది రక్తనాళం, రెండవది కండరం. వైద్యులు మణికట్టు దగ్గర పట్టి చూసే ‘నాడి’ కూడా ధమనిలోని రక్తపు పోటే. ఈ పాఠంలో నాడి అంటే, విద్యుత్ సంకేతాలను మోసుకుపోయే సన్నని పోగుల కట్ట అని పిల్లలతో ఒప్పందం చేసుకోండి. ఈ తేడా తేలకుండా ముందుకు వెళితే తరువాత చెప్పేదంతా కలగాపులగమవుతుంది.

2. పటాన్ని వెన్ను మీద చూపండి

మెదడు, వెన్నుపాము కలిస్తే కేంద్ర నాడీ వ్యవస్థ. మెదడు నుంచి బయలుదేరే 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి బయలుదేరే 31 జతల వెన్ను నాడులు పరిధీయ నాడీ వ్యవస్థకు చెందుతాయి. పెద్దవారిలో వెన్నుపాము పొడవు దాదాపు 45 సెంటీమీటర్లే. అది నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి నాడులు గుర్రపు తోకలా వేలాడతాయి. వెన్నులోంచి నీరు తీసేటప్పుడు వైద్యులు అంతకన్నా కింద సూది గుచ్చడానికి కారణమిదే. ప్రతి వెన్ను నాడికీ రెండు మూలాలుంటాయి: వెనుకది కబురు తెస్తుంది, ముందుది ఆజ్ఞను తీసుకుపోతుంది.

3. మోకాలిని అడగండి

పాదాలు నేలకు ఆనకుండా పిల్లవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలిచిప్పకు సరిగ్గా కింద వేలికి తగిలే గట్టి పట్టీ మీద అరచేతి అంచుతో తేలికగా కొట్టండి. కాలు తనంతట తానే ముందుకు లేస్తుంది. లేవకపోతే రెండు చేతుల వేళ్లను కొక్కేల్లా పెనవేసి బయటికి లాగమని చెప్పి, ఆ క్షణంలో మళ్లీ కొట్టండి. చాలామందిలో స్పందన బలపడుతుంది.

జరిగిందేమిటంటే, దెబ్బకు తొడ ముందు కండరం ఒక్కసారిగా సాగింది; ఆ కబురు జ్ఞాననాడి (కబురు తెచ్చే నాడి) ద్వారా వెన్నుపాములోకి చేరి, ఒకే ఒక్క నాడీసంధిని (రెండు నాడీకణాలు కలిసే చోటును) దాటి చాలకనాడికి (ఆజ్ఞను మోసే నాడికి) అందింది; అదే సమయంలో తొడ వెనుక కండరం అడ్డుపడకుండా వదులు కావాలన్న ఆజ్ఞ మరో కణం ద్వారా వెళ్లింది. కండరం స్పందించడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మెదడుకు తెలిసేది ఆ తరువాతే. వేడి గిన్నె విషయంలోనూ ఆజ్ఞ వెన్నుపాముదే, అయితే అక్కడ నాడీసంధులు ఎక్కువ. జర్మన్ వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ 1875లో వర్ణించిన ఈ చిన్న పరీక్షను నాడీ వైద్యులు ఇప్పటికీ వదల్లేదు.

4. స్కేలుతో కాలాన్ని కొలవండి

ఇప్పుడు మెదడు తప్పనిసరిగా పాల్గొనే పని ఇవ్వండి. స్కేలును నిలువుగా పట్టుకోండి. సున్నా గీత దగ్గర పిల్లవాడు బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదలండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే దాదాపు 0.17 సెకను, 20 దగ్గరైతే 0.20 సెకను పట్టినట్టు. ఐదుసార్లు చేసి సగటు తీయండి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన లెక్క ఇక్కడుంది. చేతి నాడుల్లో ఆజ్ఞ సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, మెదడు నుంచి చేతివేళ్ల దాకా మీటరు దారికి 0.02 సెకను చాలు. మిగిలిన కాలమంతా ఏమైంది? కంటి లోపలి వెనుక పొర (రెటీనా) వెలుగును సంకేతంగా మార్చడం, తల వెనుక భాగంలో దృశ్యం రూపుకట్టడం, నిర్ణయం, కండరం బిగుసుకోవడం దాన్ని తీసుకున్నాయి. పదమూడో ఎక్కాన్ని వెనుక నుంచి చెబుతూ స్కేలు పట్టమనండి; చాలామందికి ఆలస్యం పెరుగుతుంది. పోగుల వేగం మారలేదు, మెదడులో పని పెరిగింది.

5. మన మాట వినని భాగాన్ని చూడండి

కూర్చున్నప్పుడు ఒక నిమిషం పాటు మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని లెక్కపెట్టి, రెండంతస్తులు మెట్లెక్కి మళ్లీ లెక్కించండి. గుండె వేగాన్ని పెంచేది సహానుభూత వ్యవస్థ, అంటే మన ప్రమేయం లేకుండా ఒంటిని శ్రమకు సిద్ధం చేసే నాడుల భాగం. తరువాత కూర్చుని నిదానంగా శ్వాసించమనండి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం పిల్లల్లో స్పష్టంగా తెలుస్తుంది. గుండెకు కళ్లెం వేసే పదో కపాల నాడి చేసే పని అది.

6. అసలు మెదడును చూడండి

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో (మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల జాతీయ సంస్థలో) మెదడు మ్యూజియం ఉంది. సందర్శన వేళలు ముందుగా కనుక్కుని పిల్లలను తీసుకెళ్లండి. పెద్దవారి మెదడు 1.3 నుంచి 1.4 కిలోలు ఉంటుంది. ఒంటి బరువులో రెండు శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే పోతుంది. అక్కడ ముందుగా మెదడు వెనుక అంచును చూపమని అడగండి. స్కేలు పడటాన్ని చూసింది ఆ చోటే.