గోడకున్న గొట్టం తీయించాకే మిగిలిన ఆయిల్ సంగతి

పోయిన శనివారం పొద్దున్నే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నెల్లూరు అబ్బాయి, మాసచూసెట్స్‌లో మాకు రెండు వీధుల అవతల ఇల్లు కొన్నాడు. కరెంటుతో ఇల్లు వేడి చేసే హీట్ పంపులు పెట్టించుకుని, ఆయిల్ మండించి ఇల్లు వేడి చేసే పాత బాయిలర్ తీయించేశాడు. బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి కింది గదిలో, ఆయిల్ ట్యాంకు మాత్రం అలాగే ఉంది, గేజి సగం చూపిస్తోంది. "అన్నా, నీళ్ల డబ్బాలు నాలుగు తెచ్చాను. చేతిపంపుతో తోడేస్తే ఎవరికైనా పనికొస్తుంది కదా" అన్నాడు. నేను వచ్చేదాకా దాని జోలికి వెళ్లొద్దని చెప్పి కారు తీశాను.

వాళ్లింటికి వెళ్లి ముందు బేస్‌మెంట్‌లోకి దిగలేదు. ఇంటి పక్కకి వెళ్లి గోడ చూశాను. మోకాలి ఎత్తున, బయటినుంచి ట్యాంకులోకి ఆయిల్ పోసే రెండంగుళాల ఇనప గొట్టం, దానికి మూత, పక్కనే ట్యాంకులోని గాలి పోవడానికి పైకి వంపు తిరిగిన ఇంకో గొట్టం. "ఆటోమేటిక్ డెలివరీ ఆపించావా?" అని అడిగాను. "బాయిలరే తీసేశాం కదన్నా, ఇంక వాళ్లెందుకొస్తారు?" అన్నాడు.

వస్తారు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. మీ బాయిలర్ పోయిన సంగతి ఆయిల్ కంపెనీకి ఎలా తెలుస్తుంది? క్రితంసారి ఎంత పోశారు, ఆ తర్వాత చలి ఎంత పడింది అని లెక్క వేసుకుని, మీ ట్యాంకు ఖాళీ అయ్యుంటుందని వాళ్లు అనుకున్న రోజు ట్రక్కు పంపుతారు. డ్రైవరు బెల్లు కొట్టడు. పైపు లాక్కుంటూ వచ్చి, మూత తీసి, నాజిల్ బిగించి పోస్తాడు. మన ఊళ్లో గ్యాస్ సిలిండరైతే బండి అబ్బాయి గుమ్మంలో నిలబడి పిలుస్తాడు, మనం రెగ్యులేటర్ తీస్తాం, ఖాళీ బండ ఇస్తాం. ఇక్కడ అదేమీ ఉండదు. ఇంట్లో మనిషి లేకపోయినా పని జరిగిపోతుంది.

నాకు జరిగింది చెప్తాను. మేం అక్టోబరులో ఇల్లు కొన్నాం. ఆయిల్‌తో వేడయ్యే ఇంట్లో ఉండటం అదే మొదలు. గేజి ఎక్కడుంటుందో కూడా తెలియదు. జనవరిలో ఒక రాత్రి ఆయిల్ అయిపోయి, బాయిలర్‌లో దాన్ని మండించే బర్నర్ ఆగిపోయింది. దాన్ని తిరిగి వెలిగించే ఎర్ర బటన్ పదిసార్లు నొక్కాను. అది ఒక్కసారికి మించి నొక్కకూడదు. లోపల ఇంకా ఆయిల్ వస్తూ ఉంటే, మండకుండా పేరుకుపోయి, ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆయిల్ బదులు పసుపు డబ్బాలో డీజిల్ తెచ్చి పోసినా లైన్లో గాలి చేరిపోయింది, మెకానిక్ వచ్చి గాలి తీసేదాకా బర్నర్ వెలగలేదు. ఇద్దరు పిల్లల్ని దుప్పట్లలో చుట్టి కూర్చున్న ఆ రాత్రే ఆయిల్ వద్దనుకున్నాను.

ఏప్రిల్‌లో గ్యాస్‌కి మారాం. ట్యాంకు తీయడానికి పర్మిట్ లేకుండా తక్కువకి చేస్తామన్న వాళ్లని పిలిచాను. వాళ్లు ట్యాంకు ముక్కలు కోసి పట్టుకెళ్లారు. గోడలోని గొట్టాన్ని లోపలివైపు కోసి వదిలేశారు. బయటి మూత బయటే ఉంది. నవంబరులో ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పచ్చిక మీద పైపు పరిచి ఉంది. ట్రక్కు డ్రైవరు మా గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. అతను మంచివాడు, జాగ్రత్త తెలిసినవాడు. ట్యాంకు నిండుతుంటే గాలి పోయే గొట్టంలోంచి ఈల వినపడాలి, అది వినపడకపోయేసరికి వెంటనే కట్టేశాడు. ఆ ట్రక్కు నిమిషానికి యాభై గ్యాలన్లకు పైగా పోస్తుంది. అతను ఆపిన ఆ కొన్ని క్షణాల్లోనే ఐదారు గ్యాలన్లు మా బేస్‌మెంట్ నేల మీద పారాయి. అక్కడ పెట్టుకున్న రెండు సోనామసూరి బస్తాలు, అమ్మ పంపిన ఆవకాయ జాడీలున్న అట్టపెట్టె, అన్నీ పారేశాం. ఆయిల్‌ని పీల్చుకుంటుందని పిల్లి ఇసుక (క్యాట్ లిట్టర్) సంచులకొద్దీ చల్లి ఊడ్చాం. ఆ వాసన వసంతం దాకా ఇంట్లో వాళ్ల బట్టల్లో ఉంది. సిమెంటు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

అతను ఈల వినని మనిషై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మాసచూసెట్స్‌లో పది గ్యాలన్లు, అంతకు మించి ఒలికితే రెండు గంటల్లోపు రాష్ట్ర పర్యావరణ శాఖకి చెప్పాలి. నేల కిందికి దిగితే మట్టి తవ్వించాలి. అందుకు మామూలు ఇంటి ఇన్సూరెన్స్ డబ్బిస్తుందనుకోకండి, చాలా పాలసీల్లో ఆయిల్ కారడాన్ని విడిగా చేర్పించుకుంటే తప్ప ఇవ్వరు. నేను కంపెనీకి ఫోన్ చేసి చెప్పలేదు, నిజమే. కానీ చెప్పి ఉన్నా చాలదు. పద్నాలుగో నంబరు ఇంటికి వెళ్లాల్సిన ట్రక్కు మంచులో నంబరు కనపడక నలభై ఒకటి దగ్గర ఆగొచ్చు. గోడకి మూత కనపడితే అతనికి అదే సాక్ష్యం. అందుకే గొట్టం పూర్తిగా ఊడదీయాలి, అది కుదరకపోతే సిమెంటుతో నింపించాలి. మూతకి టేపు చుట్టడం, తాళం వేయడం, "ఆయిల్ వద్దు" అని కాగితం అంటించడం, ఇవేవీ లెక్కలోకి రావు. ట్యాంకు బయటికి పోయిన రోజే గొట్టాలూ పోవాలి. "వచ్చే వారం వచ్చి తీస్తాం" అంటే డబ్బు చేతిలో పెట్టకండి.

ఇక మిగిలిన ఆయిల్.

ఇంకా మారని వాళ్లకి ఒకటే మాట, ఉన్నది కాల్చేసుకోండి. ఆఖరుసారి ట్యాంకు నింపించకండి, కంపెనీ ఒప్పుకున్నంత తక్కువే పోయించుకోండి. మారే పని చలి తగ్గాక పెట్టుకోండి. బేస్‌మెంట్‌లో మామూలుగా ఉండే ట్యాంకు 275 గ్యాలన్లది, అంటే వెయ్యి లీటర్ల పైమాట. అందులో సగం మిగిల్చుకుని తర్వాత బాధపడటం అనవసరం. అలాగని చివరి చుక్క దాకా లాగకండి, అడుగున నీళ్లూ మడ్డీ ఉంటాయి, అవి బర్నర్‌లోకి వస్తే పని ఆగిపోతుంది. కొందరు హీట్ పంపు పెట్టుకుని, మరీ చలి రోజులకని ఆయిల్ బాయిలర్‌ని ఉంచుకుంటారు. వాళ్లకి ఈ తలనొప్పి లేదు, ఏడాదికోసారి సర్వీసు చేయించుకుంటే చాలు.

బాయిలర్ పోయి ఆయిల్ మిగిలితే, ఆయిల్‌తోనే వేడి చేసుకునే పక్కింటివాళ్లకి ఇవ్వడం అన్నిటికన్నా మంచిది. మనవాళ్లు కానక్కర్లేదు, వీధిలో ఎవరింటి గోడకి ఆ మూత ఉందో చూసి తలుపు తట్టండి. అయితే డబ్బాలతో మోయకండి. గ్యాలన్ ఏడు పౌండ్ల బరువు, నూటనలభై గ్యాలన్లంటే దాదాపు వెయ్యి పౌండ్లు. నీళ్ల డబ్బాలు దానికి చేసినవి కావు, మెట్ల మీద ఒక్కటి జారితే చాలు. పంపూ ఫిల్టరూ ఉన్న, లైసెన్సున్న కంపెనీని పిలవండి. అడుగు భాగం వదిలేసి పైన తేటగా ఉన్నదే లాగమనండి. పంపు ఖర్చు పక్కింటివాళ్లని పెట్టుకోమని, ఆయిల్ ఉచితంగా ఇచ్చేయండి. నూటనలభై గ్యాలన్లు, గ్యాలన్ మూడున్నర డాలర్ల లెక్కన 490 డాలర్లు వస్తాయి కదా అని బేరమాడుతూ కూర్చుంటే చలికాలం వచ్చేస్తుంది.

తీసుకునేవాళ్లు దొరకకపోతే ట్యాంకు తీసే కంపెనీయే తీసుకుంటుంది. అది కొనడం కాదు, చాలాచోట్ల మీ దగ్గరే గ్యాలన్‌కి ఇంతని తీసుకుంటారు. వేరే ట్యాంకులోంచి తీసిన ఆయిల్‌ని ఇంకొకరికి అమ్మడానికి వాళ్లు వెనకాడతారు. సంతకం పెట్టే ముందే ఆ రేటు కాగితం మీద రాయించుకోండి.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఒకరు నన్నడిగారు, కార్లో పోసుకోవచ్చా అని. వద్దు. రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు ఎందుకు కలిపేవారో మనకి తెలుసు, ఇక్కడ హీటింగ్ ఆయిల్‌కి ఎరుపు కలిపేది కూడా అలాంటి కారణానికే, దాని మీద రోడ్డు పన్ను కట్టలేదు. రోడ్డు మీద తిరిగే బండిలో దొరికితే ఫెడరల్ జరిమానా వెయ్యి డాలర్లు, లేదా గ్యాలన్‌కి పది డాలర్లు, ఏది ఎక్కువైతే అది. డ్రెయిన్‌లో, పెరట్లో పోసే ఆలోచన అయితే అసలు రానివ్వకండి. బేస్‌మెంట్ గుంటలో చేరిన నీళ్లని బయటికి తోడే సంప్ పంపు ఉన్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త. నేల మీద ఒలికింది అందులోకి దిగితే పంపే దాన్ని బయటికి తోసేస్తుంది, ముందు మీ పచ్చికలోకి, తర్వాత వాగులోకి.

ట్యాంకు తీయడానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ తీసుకోండి. నేను చేసినట్టు చేయకండి. పర్మిట్ కాగితం, ట్యాంకు ఎక్కడికి వెళ్లిందో రసీదు, రెండూ ఇంటి పత్రాలతో కలిపి పెట్టండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు అడుగుతాడు. ఆయిల్ కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోకండి, ఈమెయిల్ కూడా పెట్టి జవాబు దాచుకోండి. ముందే కట్టిన డబ్బుంటే వెనక్కి అడగండి.

ఇంతా చదివి భయపడి రాత్రికి రాత్రే ట్యాంకు దగ్గరికి పరిగెత్తకండి. ఆయిల్ పెట్రోలు కాదు, చల్లని బేస్‌మెంట్‌లో అగ్గిపుల్లకి అంటుకునే రకం కాదు. గట్టి ట్యాంకులో ఉంటే ఏడాది దాకా పాడవ్వదు. తీయడానికి నెలా రెండు నెలలు పట్టినా పరవాలేదు, గొట్టంలోకి ఇంకెవరూ పోయకుండా చూసుకుంటే చాలు. తీసే పని సగం రోజుది.

తమ్ముడు ఆ నాలుగు నీళ్ల డబ్బాలు తిరిగి ఇచ్చేశాడు. డెలివరీ ఆపినట్టు కంపెనీ నుంచి సోమవారం ఈమెయిల్ వచ్చింది. ఎదురింటి పెద్దాయన ఆయిల్ తీసుకుంటానన్నారు. వచ్చే గురువారం ట్యాంకు తీస్తున్నారు. నేను సెలవు పెట్టి వెళ్తాను, గొట్టం గోడలోంచి బయటికి వచ్చేదాకా అక్కడే ఉంటాను.