తరగతి గది మూతపడినప్పుడు విద్యార్థి చదువు వదిలేయకుండా చూడటం ఎలా?

2020 మార్చిలో కోవిడ్ వల్ల విశ్వవిద్యాలయాలు మూతపడ్డాక హాస్టళ్లు ఖాళీ చేసి సొంతూళ్లకు చేరిన విద్యార్థులకు పాఠాలు ఫోన్ తెర మీద మళ్లీ మొదలయ్యాయి గాని, హాజరు పట్టీలో పేరుండి అడిగితే పలకనివారు రోజురోజుకూ పెరిగారు. అటువంటి అంతరాయం మళ్లీ వస్తే అధ్యాపకులు పాఠం కంటే ముందు పరిస్థితి కనుక్కోవాలి. ఫోన్ సొంతమా, తమ్ముడి బడి పాఠాలకూ అదేనా, సిగ్నల్ కోసం మేడ ఎక్కాలా, పగలు పొలం పనో ఇంటి పనో మీద పడిందా అని ఒక్కొక్కరినీ అడిగితే, ఆసక్తి లేదని మనం తేల్చేసిన చాలామంది సంగతి అక్కడే బయటపడుతుంది.

గంటసేపు వీడియో పాఠానికి బదులు 15 నిమిషాల ఆడియో, రెండు పేజీల నోట్సు, ఒక ప్రశ్న వాట్సాప్‌లో పంపి, ప్రత్యక్ష తరగతిని వారానికొకసారి సందేహాలకే ఉంచాలి. కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకూడదు. ఇల్లంతా ఒకే గది అయినవారి ఇబ్బంది మనకు కనిపించదు.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం, లోపలి నుంచి పుట్టే ప్రేరణ నిలవాలంటే ఎంచుకునే స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం ఉండాలి. వీటిలో మూడోదాన్ని మామూలు రోజుల్లో క్యాంటీనూ హాస్టల్ వరండాలూ చూసుకునేవి కాబట్టి మనం పట్టించుకోలేదు. అందువల్ల ఐదుగురేసి జట్లు కట్టి, సెమిస్టర్ అంతా మార్చకుండా ఉంచి, వారానికొక అంశాన్ని ఒకరికొకరు ఫోన్‌లో చెప్పుకొనేలా చేయాలి. అసైన్‌మెంట్లు మూడిచ్చి ఒకటి ఎంచుకోమనాలి. అర్థశాస్త్ర విద్యార్థి తన ఊరి కూరగాయల ధరలనే నమోదు చేసి విశ్లేషించవచ్చు. వచ్చిన జవాబుకు వారంలోగా, ఎక్కడ బాగుందో ఎక్కడ తప్పిందో రెండు వాక్యాల్లో రాసి పంపాలి. మార్కు ఒక్కటే పంపితే నమ్మకం పెరగదు.

పరీక్షల విషయం దాచకూడదు. చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు చివరికల్లా పూర్తిచేయాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2020 జులైలో చెప్పినా, ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అవి ఉంటాయో రద్దవుతాయో తేలక విద్యార్థులు పుస్తకం తెరవలేకపోయారు. కాబట్టి ప్రతి సోమవారం ఏది ఖాయమైందో, ఏది ఇంకా తేలలేదో స్పష్టంగా తెలియజేయాలి.

రెండు వారాలు పలకనివారికి మెసేజ్ కాక ఫోన్ చేసి, హాజరు మాట ఎత్తకముందు ఇంట్లోవారి ఆరోగ్యం అడగాలి. తప్పిపోయిన పాఠాలన్నీ పూర్తిచేయమనకుండా, ఈ వారం ప్రశ్నతోనే మళ్లీ మొదలుపెట్టమనాలి.