కారు కొనే ముందు ఆరు నెలలు ఈఎంఐ కట్టి చూడండి

జీతం పెరగగానే కారు మీదికి మనసు పోతోందా? 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 7 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 12,870 రూపాయలు. వడ్డీయే 2.8 లక్షలు దాటుతుంది. షోరూమ్‌కి వెళ్లే ముందు ఆ ఈఎంఐకి పెట్రోలు, ఇన్సూరెన్స్ కింద ఇంకో 6,000 కలిపి ఆరు నెలలు బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా పెట్టుకోండి, లేకపోతే మిగలదు.

నాకు మూడో నెలకే డబ్బుకి కటకటైంది. ఇప్పటికీ కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతున్నాను. మియాపూర్‌లోనే సీట్లు నిండిపోయి వస్తాయి, అది వేరే బాధ. ఆరు నెలలకి వడ్డీ కాక 1,13,220 పోగయ్యాయి. పండక్కి ఊరెళ్లాలంటే అందులోంచే టాక్సీ మాట్లాడుకుంటున్నాం.