ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్‌ను అందరిచేతా వాడించడం ఎలా?

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే కాన్ఫరెన్స్ హాల్లో రెండు గంటల ట్రైనింగ్, టీ, సమోసా. సోమవారం చూస్తే అందరూ మళ్ళీ పాత ఎక్సెల్ షీట్‌లోనే ఉంటారు. ట్రైనింగ్‌తో సంగతి తెలుస్తుంది, నమ్మకం మాత్రం పక్క సీటు నుంచి రావాలి. అమెరికాలోని అయోవా రైతుల మీద సామాజిక శాస్త్రవేత్తలు రయన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. అప్పట్లో కొత్తదైన హైబ్రిడ్ మొక్కజొన్న సంగతి రైతుల చెవిన వేసింది ఎక్కువగా విత్తనాల సేల్స్‌మన్లు. వేసి చూద్దామనిపించేలా చేసింది మాత్రం పొరుగు రైతులు.

1. అందరూ ఎవరిని అడుగుతారో కనుక్కోండి. హోదాల పట్టిక పక్కన పెట్టండి. ప్రింటర్ మొరాయిస్తే, సెలవుల లెక్క తప్పితే ఎవరి దగ్గరికి వెళ్తారని పదిమందిని విడివిడిగా అడగండి. రెండు మూడు పేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. నేను పనిచేసిన ఒకచోట అలా వచ్చింది మేనేజర్ పేరు కాదు, ఏళ్ళ తరబడి బిల్లులు చూస్తున్న అకౌంట్స్ అక్క పేరు. కంప్యూటర్లు బాగా తెలిసిన కుర్రాడి పేరు ఒక్కరూ చెప్పలేదు!

2. వాళ్ళకు నెల ముందే ఇచ్చి, తిట్టనివ్వండి. "ఎంటర్ కొడితే కింది గడికి పోవాలి గానీ, పక్కకి పోతోందేంటి బాబూ?" అంది అక్క. రోజుకు ఎన్నో బిల్లులు ఎక్కించే మనిషికి అదే పెద్ద తలనొప్పి. ఆ ఒక్కటి సరిచేయించాం. మర్నాడు పక్క సీటాయన బిల్లు కూడా తనే కొత్తదాంట్లో ఎక్కించి చూపించింది.

3. సెక్షన్‌కు ఒకరు చొప్పున చల్లకండి. చుట్టూ అందరూ పాత పద్ధతిలో ఉంటే ఆ ఒక్కరూ వారంలో వెనక్కి వస్తారు. ఒక సెక్షన్ మొత్తాన్ని మార్చి, ఆ తర్వాతే పక్కదానికి వెళ్ళండి. సామాజిక శాస్త్రవేత్త డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ఆన్‌లైన్ ప్రయోగంలోనూ కొత్త అలవాటు దగ్గరగా అల్లుకున్న గుంపుల్లోనే ఎక్కువ మందికి, త్వరగా పాకింది.

4. డౌట్ల కోసం వాట్సాప్ గ్రూప్ పెట్టండి, బాస్‌ను మాత్రం చేర్చకండి. ఆయన ఉంటే దండం ఎమోజీలు తప్ప డౌట్లు రావు.

5. పాత షీట్‌ను తొందరపడి మూసేయకండి. "ఇంకా ఇదెందుకు, రెండుసార్లు ఎక్కించలేక చస్తున్నాం" అని వాళ్ళే విసుక్కున్నాక మూయండి. అప్పుడు కూడా చదవడానికి మాత్రం ఉంచండి, ఆడిట్ వాళ్ళు అడుగుతారు.