బ్రౌజర్ నడిపే ఏఐ ఏజెంట్‌కి ప్రాక్సీ లిస్టు టూల్ ఇస్తున్నారా? వివరణ ఇలా రాయండి

మన దగ్గర ఏయే ప్రాక్సీలు (మన బదులు వేరే చోటి నుంచి సైట్ తెరిచే మధ్యవర్తి సర్వర్లు) ఉన్నాయో ఏజెంట్‌కి చెప్పే టూల్, అంటే అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాం, దాని కోడ్ రాయడం పెద్ద కష్టం కాదు. అసలు కష్టం దానికి పెట్టే వివరణలో ఉంది. ఏజెంట్ మీ కోడ్ చూడదు, మీ రీడ్‌మీ చదవదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ బయటపెట్టిన ఎంసీపీ (ఏఐ మోడల్‌కి బయటి టూల్స్ తగిలించే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) పద్ధతిలో అయితే మోడల్ చేతికి ముఖ్యంగా అందేది టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నమూనా), అంతే. అక్కడ రాయనిదాన్ని అది ఊహించుకుంటుంది, ఊహించుకున్నదే నిజమనుకుని ముందుకు పోతుంది.

మన చిత్తూరు వైపు ఉదాహరణే తీసుకుందాం. తోతాపురి మామిడి గుజ్జు విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీ ఉంది, వాళ్ల సైట్ నెదర్లాండ్స్‌లో కొనేవాళ్లకి సరిగ్గా కనిపిస్తోందా, ధరలు యూరోల్లోనే వస్తున్నాయా అని ఏజెంట్‌తో చూపించుకోవాలి. ఏజెంట్ ముందు లిస్టు అడగాలి, అందులోంచి నెదర్లాండ్స్ ప్రాక్సీ ఐడీ తీసుకుని బ్రౌజర్ తెరిచే టూల్‌కి ఇవ్వాలి. ఈ వరస వివరణలో కనబడాలి.

పేరు గురించి ఎక్కువ ఆలోచించకండి, లిస్ట్ ప్రాక్సీస్ చాలు. వివరణ మాత్రం ఇలా ఉండాలి (మీరు ఇంగ్లీషులో పెట్టుకున్నా విషయం ఇదే):

"ఈ ఖాతాలో వాడకానికి సిద్ధంగా ఉన్న ప్రాక్సీల లిస్టు ఇస్తుంది. కొత్త ప్రాక్సీ తయారు చేయదు, దేన్నీ మార్చదు, బ్రౌజర్‌కి తగిలించదు. ఫలానా దేశం నుంచి పేజీ చూడమని యూజర్ అడిగినప్పుడు మాత్రమే, బ్రౌజర్ తెరిచే ముందు ఒక్కసారి పిలవాలి. వచ్చిన ఐడీని ఉన్నదున్నట్టు బ్రౌజర్ తెరిచే టూల్‌కి ఇవ్వాలి."

రెండో వాక్యం చాలామంది రాయరు, నా లెక్కలో అదే ముఖ్యం. అది లేకపోతే లిస్టు తెచ్చుకోగానే ప్రాక్సీ తగిలిపోయిందనుకుని ఏజెంట్ మామూలు కనెక్షన్‌తోనే సైట్ తెరిచి, నెదర్లాండ్స్ నుంచి చూశానని రిపోర్టు రాసేస్తుంది. ఆ రిపోర్టు నమ్మి ఫ్యాక్టరీ వాళ్లు నిర్ణయాలు తీసుకుంటారు.

ఇక ఫీల్డులు, అంటే టూల్ తీసుకునే, తిరిగి ఇచ్చే ఒక్కో వివరం. దేశం అని వదిలేయకండి, ఐఎస్ఓ 3166 రెండక్షరాల కోడ్ అని రాయండి: ఇండియాకి ఐఎన్, నెదర్లాండ్స్‌కి ఎన్‌ఎల్. బ్రిటన్‌కి జీబీ అని ప్రత్యేకంగా చెప్పండి, లేకపోతే మోడల్ యూకే అని పంపి ఖాళీ లిస్టు తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఆ దేశం దేనిదో కూడా చెప్పాలి. సర్వర్ ఒక దేశంలో ఉండి, సైట్‌కి కనిపించే ఐపీ ఇంకో దేశానిది కావచ్చు, మనకి కావాల్సింది రెండోది. స్థితి యాక్టివ్ అని ఇస్తే చివరిసారి ఎప్పుడు పరీక్షించారో ఆ టైమ్ కూడా ఇవ్వండి, అది యూటీసీనో (ప్రపంచ ప్రామాణిక సమయం) మన టైమో రాయండి. అయిదున్నర గంటల తేడా చిన్నదేం కాదు.

ప్రోటోకాల్ దగ్గర ఒక చిక్కుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే సాక్స్5 (ఒక రకం ప్రోటోకాల్) ప్రాక్సీతో క్రోమియం (క్రోమ్‌కి ఆధారమైన బ్రౌజర్) పనిచేయదు. కాబట్టి అలాంటివాటిని లిస్టులోంచే తీసేయండి, లేదా ఆ ఐడీ పక్కనే క్రోమియంతో పనికిరాదని రాయండి.

పాస్‌వర్డ్‌లు మాత్రం లిస్టులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. మోడల్ చదివిన ప్రతిదీ లాగ్ ఫైళ్లలోకి (జరిగింది రాసిపెట్టుకునే రికార్డులు) పోవచ్చు, లేదా ఏదో పేజీలో దాచిన దొంగ సూచన దాన్ని బయటికి లాగొచ్చు. మోడల్‌కి ఐడీ ఒక్కటే ఇవ్వండి, పాస్‌వర్డ్ జోడించే పని మీ సర్వర్ చూసుకోవాలి.

తప్పులు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా వివరణల్లోనే ఉండాలి. లిస్టు ఖాళీగా వస్తే ఆ దేశానికి ప్రాక్సీ లేదని యూజర్‌కి చెప్పాలి, పక్క దేశాన్ని సొంతంగా ఎంచుకోకూడదు. 407 అనే ఎర్రర్ కోడ్ వస్తే ప్రాక్సీ లాగిన్ కుదరలేదని అర్థం, మళ్లీ మళ్లీ ప్రయత్నించినా ఉపయోగం లేదు. సైటే 429 ఇచ్చిందంటే రిక్వెస్టులు ఎక్కువయ్యాయి, ఆపమని చెబుతోంది. అప్పుడు ఇంకో ప్రాక్సీకి మారకూడదని ఖచ్చితంగా రాయండి.

తిరుపతిలో ఈ పని చేస్తున్నామంటే ఎవరో ఒకరు "అన్నా, దీంతో 300 రూపాయల దర్శనం టికెట్లు కొట్టొచ్చా?" అని అడుగుతారు. వద్దు. ఎక్కడో ఊళ్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న కుటుంబానికి దొరకాల్సిన టికెట్ అది. బుకింగ్ పరిమితులు దాటడానికి ఈ లిస్టు వాడకూడదని వివరణలో ఒక వాక్యం పెట్టండి, సర్వర్‌లో కూడా అడ్డుకోండి, ఎందుకంటే వివరణ ఒక్కటే ఎవర్నీ ఆపదు.

చివరగా పరీక్ష. కొత్త సెషన్ తెరిచి, వేరే సందర్భం ఏదీ ఇవ్వకుండా రెండు రకాల పనులు చెప్పండి. "మా సైట్ జర్మనీ నుంచి ఎలా ఉందో చూడు" అంటే లిస్టు పిలవాలి. "మా సైట్‌లో ఫోన్ నంబర్ సరిగ్గా ఉందా చూడు" అంటే పిలవకూడదు. రెండోదానికీ పిలుస్తోందంటే "మాత్రమే" ఉన్న వాక్యాన్ని వివరణలో ఇంకా పైకి తీసుకురండి, ఒకసారికి ఒక వాక్యమే మార్చి మళ్లీ అవే పనులు చెప్పండి.