గోదావరి డెల్టాలో గేదెలకు చలికాలం గడపడం ఎలా?

మార్గశిరం వచ్చిందంటే మా కాలవ గట్ల మీద పొద్దున్న ఎనిమిదింటి దాకా మంచు విడవదు. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి గేదెలకేమీ కాదనుకుంటాం. కానీ పడుకునే చోట చెమ్మ ఉంటే పెద్ద గేదె పాలు తగ్గిస్తుంది, దూడకు నిమ్ము చేస్తుంది. రెండు మూడు గేదెలున్న ఇంట్లో ఈ మూడు నెలల పని చాలావరకు తడిని దూరం పెట్టడమే.

ముందు పాక నేల చూసుకోండి. గేదె వెనకవైపు ఒక బిందె నీళ్లు గుమ్మరించి చూడండి. నీళ్లు నిలిచిన చోటల్లా గుంట ఉన్నట్టే. మట్టి వేసి దిమ్మిస కొట్టి, నీళ్లు కాలవలోకి జారేలా వాలు చేయండి. రాత్రి పడక కింద నాలుగు వేళ్ల మందాన ఊక పోయండి. రైస్ మిల్లులున్న మన ఊళ్లలో ఊకకు కరువుండదు. తడిసిన ఊకను పొద్దున్నే పేడతో పాటు ఎత్తేయాలి.

చలిగాలి కొట్టే వైపు తాటాకు దడి గానీ గోనెపట్టాలు గానీ గేదె వీపు ఎత్తు వరకే కట్టి, పైన ఖాళీ వదలండి. చుట్టూ టార్పాలిన్ బిగిస్తే మూత్రం ఘాటు లోపలే ఉండిపోతుంది. తెల్లవారుజామున లోపలికి వెళ్లగానే మన కళ్లు మండితే, రాత్రంతా ఆ గాలే పీల్చిన దూడ సంగతి ఆలోచించండి. దోమలకు వేపాకు పొగ వేస్తే నిప్పు ఆరేదాకా అక్కడే ఉండండి. మకాం చేలో ఉంటే మరీ జాగ్రత్త.

ఆ తర్వాత గడ్డిమేటు. నాకు అన్నిటికంటే టెన్షన్ దీనితోనే. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చింది. వరి చేతికొచ్చే వేళ ఇలాంటి వాన పడితే పనలు నానిపోతాయి. ఆ గడ్డిని ఆరీ ఆరకుండా మేటు వేస్తే లోపల బూజు పడుతుంది. బూజు గడ్డి తిన్న గేదెలకు చలికాలంలో డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. తోక చివర, చెవుల కొసలు నల్లబడి ఎండిపోతాయి. కాళ్లు వాచి పుళ్లు పడతాయి, ముదిరితే గిట్టలు కూడా ఊడిపోతాయి.

అందుకే వారానికోసారి మేటులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు గడ్డి లాగండి. వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా, విదిలిస్తే నల్లటి దుమ్ము లేచినా మేటు విప్పి ఎండలో పరవాల్సిందే. నల్లబడిన గడ్డిని పెంటపోగులో వేసేయండి. ఏడాది గడ్డి పోతుందంటే ప్రాణం ఒప్పదు, నిజమే. కానీ గిట్ట ఊడిన గేదెను లేపి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. కొత్తగా మేటు వేసేటప్పుడు కింద తాటి దుంగలు, కొబ్బరి మట్టలు పరిస్తే నేల చెమ్మ పైకి ఎక్కదు.

పచ్చిమేతకు దాళ్వా, అంటే రెండో పంట వరి, వేయని చేలో పిల్లిపెసర, జనుము ఉంటాయి కదా. లేతగా ఉన్నప్పుడు ఒక్కటే వేస్తే కడుపుబ్బరం వస్తుంది, ఎండుగడ్డితో కలిపి వేయండి. కాలవ గట్టు మీద నీళ్లలో నానిన గడ్డి మాత్రం కోయకండి. నత్తలున్న చోటి గడ్డితో కాలేయపు జలగలు పడతాయి. దవడ కింద సంచిలా నీరు దిగితే వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

కుడితి గోరువెచ్చగా పెట్టండి, తాగడానికి అప్పుడే తోడిన బోరు నీళ్లు మేలు. కడగడం ఎండ ఎక్కాక పెట్టుకోండి.

ఈనిన గంటలోపే దూడకు జున్నుపాలు తాగించండి. రోజుకు దాని బరువులో పదో వంతు అందాలి. జున్ను కోసం చుట్టాలు ఎదురుచూస్తుంటారు, వాళ్లకు తర్వాత పంపొచ్చు. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయండి, ఏలికపాముల మందు పదో రోజుకు పట్టించండి. రాత్రి గోనెసంచి కప్పి పొట్ట కింద తాడుతో వదులుగా కట్టండి. పొద్దున్న వెళ్లగానే దూడ చెవి మొదలు పట్టుకుని చూడండి. చల్లగా ఉండి, పాలకు లేవకపోతే సాయంత్రం దాకా ఆగకండి.

ఇంకో పని ఉంది. గేదెలు ఎక్కువగా ఎదకొచ్చేది ఈ చలికాలంలోనే. చాలా గేదెలు ఆవుల్లా అరవవు, మూగ ఎద. తెల్లవారుజామున టార్చి వేసి తోక కింద చూడండి. గాజులా మెరిసే జిగురు తీగ కనిపిస్తే సాయంత్రానికి చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్నే. క్యాలెండర్ మీద ఆ తేదీ రాసి, 21వ రోజు దగ్గర ఇంకో గుర్తు పెట్టండి. ఆ రోజు మళ్లీ తీగ రాకపోతే ఆశ పెట్టుకోవచ్చు. సంక్రాంతికి చూడి కట్టిన గేదె పది నెలల పది రోజులకు, అంటే నవంబరులో ఈనుతుంది. అప్పటికి పాకలో ఊక సిద్ధంగా ఉండాలి.