రిజిస్ట్రీ ఎడిటర్‌లో కావాల్సిన చోటికి సూటిగా వెళ్లడం, వెతికింది దొరకబుచ్చుకోవడం

విండోస్ తన సెట్టింగ్‌లు, ప్రోగ్రామ్‌ల సెట్టింగ్‌లు దాచుకునే చోటు రిజిస్ట్రీ. దాన్ని చూసి మార్చడానికి విండోస్‌తో పాటే వచ్చే రిజిస్ట్రీ ఎడిటర్‌లో చాలామంది చేసే పని ఒకటే. తెరవగానే కంట్రోల్, ఎఫ్ నొక్కి, వచ్చిన ఫైండ్ పెట్టెలో ఒక పదం కొడతారు, ఆపైన తర్వాతి ఫలితం కోసం ఎఫ్3 నొక్కుతూ పోతారు. దొరికితే సరే, లేకపోతే ‘ఇందులో లేదు’ అని మూసేస్తారు. చాలాసార్లు అది అందులోనే ఉంటుంది. వెతకడం మొదలుపెట్టిన చోటు తప్పయినా అయ్యుంటుంది, లేదా ఆ ఫైండ్ చూడని రకం డేటాలో అది ఉండి ఉంటుంది. ఈ ఎడిటర్‌లో ముందు సరైన చోటికి వెళ్లాలి, ఆ చుట్టుపక్కలే వెతకాలి. మొత్తం గాలించడం ఆఖరి మార్గం.

ఇక్కడ కమాండ్లు, చిరునామాలు తెలుగు లిపిలో రాశాం. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఎడమవైపు ఫోల్డర్లలా కనిపించేవి కీలు. కుడివైపు వరసగా కనిపించేవి వాల్యూలు. ప్రతి వాల్యూకీ ఒక పేరు, ఒక రకం, ఒక డేటా ఉంటాయి. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ఫైండ్ పెట్టెలోని టిక్కులు ఎందుకున్నాయో వెంటనే అర్థమవుతుంది.

తెరవడం, ముందు జాగ్రత్త

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో రెగ్‌ఎడిట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. అనుమతి అడిగితే యెస్ అనండి. ఏదైనా మార్చే ముందు ఆ కీని ఎంచుకుని, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి, కింద ‘సెలెక్టెడ్ బ్రాంచ్’ ఉందో లేదో చూసుకుని దాచుకోండి. మొత్తం రిజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేస్తే భారీ ఫైలు తయారవుతుంది, దాంట్లోంచి మీకు కావాల్సిన ముక్క వెతుక్కోవడం మళ్లీ ఒక పని. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దాచిన ఫైలును తిరిగి ఎక్కిస్తే పాత వాల్యూలు వెనక్కి వస్తాయి కానీ, మధ్యలో మీరు కొత్తగా చేర్చిన వాల్యూలు పోవు. వాటిని మీరే చేత్తో తీసెయ్యాలి.

చిరునామా బార్‌ను వాడుకోండి

2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో మెనూల కింద చిరునామా బార్ వచ్చింది. అంతకుముందు కీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ దిగాల్సి వచ్చేది. బార్ కనిపించకపోతే వ్యూ మెనూలో అడ్రస్ బార్ మీద టిక్ పెట్టండి. ఆల్ట్, డి నొక్కితే కర్సర్ నేరుగా అందులోకి వెళ్తుంది. దారి అతికించి ఎంటర్ కొడితే చాలు.

మొదట్లో ఉండే పొడుగాటి పేర్లు పూర్తిగా కొట్టనక్కర్లేదు. హెచ్‌కీ లోకల్ మెషీన్‌కు హెచ్‌కేఎల్‌ఎమ్, కరెంట్ యూజర్‌కు హెచ్‌కేసీయూ, క్లాసెస్ రూట్‌కు హెచ్‌కేసీఆర్, యూజర్స్‌కు హెచ్‌కేయూ అంటే సరిపోతుంది. 2018 నుంచి వచ్చిన వెర్షన్లలో దారి కొడుతుంటే తర్వాతి కీల పేర్లు కింద జాబితాగా వస్తాయి. కంట్రోల్, బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం అక్షరం కాకుండా మాట మొత్తం చెరిగిపోతుంది.

చిరునామాలో కీ వరకే ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే సూచనల్లో చాలామంది వాల్యూ పేరును కూడా దారి చివర అతికించి రాస్తారు, అది తీసేసి వెళ్లాలి. దారి సరిగ్గానే ఉన్నా ఆఖరి కీ లేకపోతే కంగారు పడొద్దు. ముఖ్యంగా పాలసీస్ కింద ఉండాల్సిన కీలు ఎవరైనా ఆ సెట్టింగ్ మార్చేదాకా పుట్టవు. కీ లేదంటే ఆ సెట్టింగ్ డీఫాల్ట్‌లో ఉందని అర్థం.

ఎడమవైపు కీల మధ్య తిరగడానికి మౌస్ కన్నా కీబోర్డే నయం. కుడి బాణం విప్పుతుంది, ఎడమ బాణం ముడుస్తుంది, ఇంకోసారి నొక్కితే పై కీకి తీసుకెళ్తుంది. కీ పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు గబగబా కొడితే అక్కడికి దూకుతుంది. వేలాది కీలున్న క్లాసెస్ రూట్‌లో ఇది బాగా పనికొస్తుంది. నంబర్ ప్యాడ్‌లోని నక్షత్రం గుర్తు మాత్రం ముట్టుకోకండి. కింద ఉన్నవన్నీ ఒకేసారి విప్పబోయి, పెద్ద కీల మీద ఎడిటర్ చాలాసేపు బిగుసుకుపోతుంది.

మళ్లీ మళ్లీ వెళ్లే చోట్లను ఫేవరెట్స్ మెనూలో చేర్చుకోండి. వాటికి మీకు గుర్తుండే పేరు పెట్టుకోవచ్చు. ఈ జాబితా కూడా రిజిస్ట్రీలోనే ఉంటుంది: హెచ్‌కేసీయూ\సాఫ్ట్‌వేర్\మైక్రోసాఫ్ట్\విండోస్\కరెంట్‌వెర్షన్\యాప్లెట్స్\రెగ్‌ఎడిట్\ఫేవరెట్స్. ఆ ఒక్క కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా డబుల్ క్లిక్‌తో మీ జాబితా సిద్ధం. పది కంప్యూటర్లు చూసుకునే వాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఒకే సెట్టింగ్ లోకల్ మెషీన్ కింద, కరెంట్ యూజర్ కింద రెండు చోట్లా ఉందా అని పోల్చాలంటే కీ మీద రైట్ క్లిక్ చేయండి. రెండో వైపు అదే కీ ఉంటే మెనూ అడుగున ‘గో టు’ అని అక్కడికి తీసుకెళ్లే వరస కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలంటే రన్ పెట్టెలో రెగ్‌ఎడిట్ -ఎమ్ అని కొట్టండి, రెండో కిటికీ తెరుచుకుంటుంది. ఆ -ఎమ్ లేకపోతే ఉన్న కిటికీయే ముందుకొస్తుంది.

ఫైండ్ ఎక్కడ మోసం చేస్తుంది

ఈ ఎడిటర్ మీరు పోయినసారి మూసేసినప్పుడు ఏ కీ మీద ఉన్నారో అక్కడే తెరుచుకుంటుంది. ఫైండ్ మీరు ఎంచుకున్న కీ దగ్గర మొదలై ముందుకే పోతుంది, పైకి తిరిగి రాదు. ఈ రెండూ కలిస్తే జరిగేదేంటంటే, మీరు రిజిస్ట్రీ మధ్యలో నిలబడి సగమే వెతుకుతారు. చివర్లో మాత్రం రిజిస్ట్రీ అంతా వెతకడం అయిపోయిందన్నట్టు సందేశం వస్తుంది. మొత్తం గాలించాలనుకుంటే ముందు ఎడమవైపు క్లిక్ చేసి హోమ్ కీ నొక్కండి, పైనున్న ‘కంప్యూటర్’ మీదికి వెళ్తారు. అప్పుడు కంట్రోల్, ఎఫ్.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక కీని ఎంచుకుని వెతికితే దాని కిందే ఆగుతుందనుకోకండి. ఆ కీ అయిపోగానే పక్క కీల్లోకి, అలా చివరిదాకా పోతూనే ఉంటుంది. అందుకే ప్రతి ఎఫ్3 తర్వాత చిరునామా బార్ మీద ఒక చూపు వేయండి. మీ కీ దాటిపోతే ఆపేయండి.

ఫైండ్ పెట్టెలో కీస్, వాల్యూస్, డేటా అని మూడు టిక్కులు, ‘మ్యాచ్ హోల్ స్ట్రింగ్ ఓన్లీ’ అని ఇంకొకటి ఉంటాయి. వెతికేది ప్రోగ్రామ్ పేరైతే, ఫైలు దారైతే డేటా ఒక్కటే ఉంచండి. సెట్టింగ్ పేరైతే వాల్యూస్ ఒక్కటే. అనవసరమైన టిక్కులు తీసేస్తే దారిలో అడ్డొచ్చే ఫలితాలు బాగా తగ్గుతాయి.

ఇక దొరకనివి. డేటా టిక్ పెట్టినా ఈ ఫైండ్ అక్షరాల రూపంలో ఉన్న డేటానే చూస్తుంది, డీవర్డ్ అనే రకంలో ఉండే అంకెలను, బైనరీ డేటాను (ముడి బైట్లను) చూడదు. దారి ముక్కను, అంటే సాఫ్ట్‌వేర్\మైక్రోసాఫ్ట్ లాంటిదాన్ని, కీస్‌లో వెతికినా దొరకదు. ఎందుకంటే అది ఒక్కో కీ పేరును విడివిడిగా పోల్చుతుంది. విండోస్ ఫోల్డర్‌కు దారి చాలాచోట్ల సీ: అని కాకుండా %సిస్టమ్‌రూట్% అని ఉంటుంది, పూర్తి దారితో వెతికితే అవన్నీ తప్పిపోతాయి. కాబట్టి మొత్తం దారి కాకుండా చివరి ఫైలు పేరుతో వెతకండి.

ఒకే ఫలితం రెండు మూడు సార్లు రావడమూ మామూలే. కరెంట్ యూజర్ అనేది యూజర్స్ కింద ఉన్న మీ ఖాతాకే ఇంకో దారి. క్లాసెస్ రూట్ అనేది లోకల్ మెషీన్‌లోని, కరెంట్ యూజర్‌లోని సాఫ్ట్‌వేర్\క్లాసెస్ రెండూ కలిపి చూపించేది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌ల సెట్టింగ్‌లు సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్ అనే కీలో విడిగా ఉంటాయి. పాత ప్రోగ్రామ్ దొరక్కపోతే ముందు అక్కడే చూడండి.

తెలుగు కీబోర్డ్‌తో ఒక ఉదాహరణ

భాషల పట్టీలో వద్దన్నా తెలుగు కీబోర్డ్ తిరిగి తిరిగి ప్రత్యక్షమవుతోందనుకుందాం. సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చి, మళ్లీ తీసేసినా పోలేదు. ఇప్పుడు రిజిస్ట్రీలో చూడాలి.

ముందు దాని నంబరు తెలియాలి. ఆల్ట్, డి నొక్కి హెచ్‌కేఎల్‌ఎమ్\సిస్టమ్\కరెంట్‌కంట్రోల్‌సెట్\కంట్రోల్\కీబోర్డ్ లేఔట్స్ దగ్గరికి వెళ్లండి. అక్కడ కీలన్నీ అంకెలు, అక్షరాలు కలిసిన ఎనిమిది గుర్తుల నంబర్లే, పేరు చూసి గుర్తుపట్టలేం. కంట్రోల్, ఎఫ్ నొక్కి, డేటా ఒక్కటే ఉంచి, ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో తెలుగు అని వెతకండి. 0000044ఏ అనే కీలో ‘లేఔట్ టెక్స్ట్’ అనే వాల్యూ దగ్గర ఆగుతుంది. అదే తెలుగు లేఔట్ నంబరు.

అక్కడే ‘లేఔట్ డిస్‌ప్లే నేమ్’ అనే వాల్యూ డేటా చూడండి. @ గుర్తుతో మొదలై ఒక డీఎల్ఎల్ ఫైలు పేరు, ఆపైన కామా, మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటాయి. తెరమీద కనిపించే పేరు రిజిస్ట్రీలో లేదు, ఆ ఫైలు లోపల ఉంది. విండోస్‌లో సేవల పేర్లు, మెనూ పేర్లు చాలా ఇలాగే ఉంటాయి. కళ్లముందు కనిపించే మాటను యథాతథంగా వెతికితే దొరక్కపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

నంబరు తెలిసింది కాబట్టి హెచ్‌కేసీయూ\కీబోర్డ్ లేఔట్\ప్రీలోడ్ దగ్గరికి వెళ్లండి. 1, 2, 3 అనే వాల్యూల్లో ఏ లేఔట్లు ఎక్కుతున్నాయో ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాక 0000044ఏ ఉన్న వాల్యూను తీసేసి, వరస తెగకుండా మిగిలిన వాటి నంబర్లు సరిచేసి, సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. లాగిన్ తెర మీద కూడా అదే కనిపిస్తుంటే హెచ్‌కేయూ\.డీఫాల్ట్\కీబోర్డ్ లేఔట్\ప్రీలోడ్‌లోనూ చూడాలి.

ఫలితాలన్నీ ఒక్కచోట కావాలంటే

ఎఫ్3 ఒకసారికి ఒక ఫలితమే చూపిస్తుంది. మొత్తం జాబితా కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రెగ్ క్వెరీ వాడండి. రూపం ఇది: రెగ్ క్వెరీ, తర్వాత కోట్‌లలో కీ దారి, తర్వాత /ఎఫ్, వెతికే మాట, చివర /ఎస్. ఇది మీరిచ్చిన కీ దాటి బయటికి పోదు, ఎన్ని దొరికాయో చివర్లో చెబుతుంది. /కే పెడితే కీ పేర్లలోనే, /డి పెడితే డేటాలోనే, /ఈ పెడితే అక్షరం పొల్లు పోకుండా సరిపోయినవే చూపిస్తుంది. /టి తర్వాత రెగ్_బైనరీ అని రకం చెబితే, ఎడిటర్ చూడలేని బైనరీ డేటాలోనూ వెతుకుతుంది. చివర > గుర్తు పెట్టి ఫైలు పేరిస్తే జాబితా అందులోకి వెళ్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో వెతకడం ఇంకో మార్గం, దీనికీ మెలికలున్నాయి. అందులో వాల్యూల డేటాలోని ప్రతి \ గుర్తూ రెండేసి సార్లు ఉంటుంది, కాబట్టి ఫైలు దారిని అలాగే రెట్టింపు చేసి వెతకాలి. %సిస్టమ్‌రూట్% లాంటివి ఉండే ఎక్స్‌పాండ్ రకం వాల్యూలు అక్కడ అక్షరాలుగా కాక హెక్స్ అంకెలుగా పడతాయి, నోట్‌ప్యాడ్‌లో దొరకవు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫైలు రకంగా టెక్స్ట్ ఎంచుకుంటే ప్రతి కీ చివరిసారి ఎప్పుడు మారిందో కూడా వస్తుంది. ఎడిటర్ తెరమీద ఈ సమయం ఎక్కడా కనిపించదు. నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు చెడితే ముందు చూడాల్సింది అదే.

వెతక్కుండా పట్టుకోవడం

పేరే తెలియని సెట్టింగ్‌ను వెతకడం కన్నా, అది మారే క్షణంలో పట్టుకోవడం తేలిక. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరికే ప్రాసెస్ మానిటర్ ఆ పని చేస్తుంది. తెరిచి, కంట్రోల్, ఎల్ నొక్కి ‘ఆపరేషన్ ఈజ్ రెగ్‌సెట్‌వాల్యూ’ అని ఫిల్టర్ చేర్చండి. కంట్రోల్, ఎక్స్‌తో తెర ఖాళీ చేయండి. ఇప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ ఒకసారి మార్చి చూడండి. వచ్చిన వరసల్లో ఎక్స్‌ప్లోరర్ రాసిన హైడ్‌ఫైల్‌ఎక్స్‌ట్ అనే వాల్యూ కనిపిస్తుంది, 1 అంటే దాచు, 0 అంటే చూపు. ఆ వరస మీద కంట్రోల్, జే నొక్కితే రిజిస్ట్రీ ఎడిటర్ సరిగ్గా ఆ కీ దగ్గర తెరుచుకుంటుంది. వరసలు ఎక్కువగా వస్తుంటే ప్రాసెస్ పేరుతో ఇంకో ఫిల్టర్ చేర్చండి. పని కాగానే కంట్రోల్, ఈ నొక్కి రికార్డింగ్ ఆపేయండి, లేకపోతే మెమరీ నిండిపోతుంది.

వేరే యూజర్ సెట్టింగ్‌లు

యూజర్స్ కింద విండోస్ సొంత ఖాతాలు కాక, ప్రస్తుతం లాగిన్ అయి ఉన్న వాళ్లవే కనిపిస్తాయి. ఇంట్లోనో ఆఫీసులోనో ఇంకొకరి ఖాతాలోని సెట్టింగ్ చూడాలంటే హెచ్‌కేయూ ఎంచుకుని, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ (హైవ్ అంటే రిజిస్ట్రీలో కొంత భాగాన్ని దాచి ఉంచే ఫైలు) నొక్కి, ఆ యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే ఎన్‌టీయూజర్.డ్యాట్ ఫైలు తెరిచి, తాత్కాలికంగా ఒక పేరు ఇవ్వండి. హెచ్‌కేయూ లేదా హెచ్‌కేఎల్‌ఎమ్ మీద లేకపోతే ఆ మెనూ వరస పనిచేయకుండా మసగ్గా ఉంటుంది. పని పూర్తవగానే మీరు పేరు పెట్టిన ఆ కీనే ఎంచుకుని అన్‌లోడ్ హైవ్ నొక్కడం తప్పనిసరి. అలా వదిలేస్తే ఆ ఫైలు తాళం పడే ఉంటుంది, ఆ మనిషి లాగిన్ అయినప్పుడు సొంత డెస్క్‌టాప్‌కు బదులు తాత్కాలిక ప్రొఫైల్ వచ్చే ప్రమాదం ఉంది.